రెండున్నరేళ్ల తర్వాత క్షారసూత్రం గురించి

భగందరం (ఫిస్టులా) అంటే మలద్వారం పక్కన చర్మం దాకా లోపల్లోపల పడే, చీము కారే దారి. అది ఎందుకొస్తుందో ఇక్కడ చెప్పను. ఇది చదువుతున్నారంటే ఆ బాధ మీకు తెలిసే ఉంటుంది. నాకు మొదట ఒక పెద్ద ఆసుపత్రిలో లేజర్ చేశారు. ఏడు నెలలకు అదే చోట మళ్లీ చీము. అప్పుడు ఆయుర్వేద డాక్టరు గారి దగ్గర క్షారసూత్రం, అంటే ఆ దారి గుండా దూర్చి కట్టే మందు పూసిన దారం, కట్టించుకున్నాను. తొమ్మిది వారాలు పట్టింది.

నాకు బాగా నచ్చింది ఆయన స్కేలు. ప్రతి శనివారం పాత దారానికి కొత్త దారం ముడేసి లాగేవారు. పాతది బయటికొస్తుంటే కొత్తది దాని వెంటే లోపలికి వెళ్లేది. బయటికొచ్చిన ముక్కను ట్రేలో సాగదీసి, పక్కన ప్లాస్టిక్ స్కేలు పెట్టి నాకు చూపించేవారు. మొదటి వారం 4.2 సెంటీమీటర్లు, తర్వాత 3.7, ఆ తర్వాత 3.1. దారం ఎంత పొట్టిదైతే లోపల దారి అంత తెగి, వెనక నుంచి మానుతూ వస్తోందన్నమాట. ఏడాదిన్నరగా మా ఆవిడ "తగ్గుతోందా?" అని అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడు శనివారం ఇంటికి రాగానే అంకె చెప్పేవాణ్ని.

ఆ దారానికి ఆకుజెముడు పాలు 11 పూతలు, ఆ పాలతోనే ఉత్తరేణి క్షారం (ఆ మొక్కను కాల్చిన బూడిద నుంచి తీసే ఉప్పులాంటి పొడి) 7, పసుపు 3, మొత్తం 21. వినాయక చవితికి 'అపామార్గ పత్రం పూజయామి' అని వేసే ఆకే ఉత్తరేణి. ఆ మాట విన్నాకే మా అమ్మకు ధైర్యం వచ్చింది.

ఐదో వారంలో తప్పు చేశాను. పెళ్లికని శ్రీకాకుళం దగ్గర మా ఊరు వెళ్లి, శనివారం వదిలేసి అక్కడే ఉండిపోయాను. ఆలస్యమైతే మందు బలం తగ్గుతుందని, దారం వదులవుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. పదకొండో రోజు పొద్దున గోరువెచ్చని నీళ్ల టబ్బులోంచి లేచి చూస్తే దారం నీళ్లలో తేలుతోంది. ఫోన్ చేశాను. "కంగారు పడకండి, కానీ ఈ రోజే రండి. బయటి రంధ్రం మూసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. విశాఖ దాకా బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీ అయినా కూర్చోబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం సన్నటి లోహపు కడ్డీతో పాత దారిని మళ్లీ వెతికారు. అది పక్కకు పోతే కొత్త దారి పడుతుందట, అందుకని చాలా మెల్లగా జరిపారు. ఆ పావుగంట నేను టేబుల్ అంచు వదల్లేదు. ఆ వారం కొలత ఏమీ తగ్గలేదు.

'కోత లేదు, నొప్పి లేదు' అని మొదట్లో నేనే చాలామందికి చెప్పాను. దారం కూడా కోస్తుంది, కాకపోతే నెమ్మదిగా. మొదటి రెండు శనివారాల రాత్రులు బోర్లా పడుకునే గడిపాను. దారం తెగి పడ్డాక కూడా రెండు నెలలు గ్యాస్ ఆపుకోవడం కాస్త కష్టమైంది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, చీమూ మళ్లీ కనపడలేదు.

1991లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరీక్షలో ఆపరేషన్ తర్వాత 11 శాతం మందికి మళ్లీ వస్తే, క్షారసూత్రం తర్వాత 4 శాతం మందికే వచ్చింది. మానడానికి మాత్రం నాలుగు వారాలకు బదులు ఎనిమిది పట్టింది. నాకు సరిపడిందంటే కారణాలున్నాయి. నాది ఒకటే దారి, లోతు తక్కువ, కొమ్మలు లేవు, షుగర్ లేదు, క్లినిక్ ఇంటికి ఇరవై నిమిషాలు, ఆఫీసులో శనివారం సెలవు. మా బావమరిదికి పైదాకా వెళ్లిన దారి, పక్కకు ఇంకో కొమ్మ ఉన్నట్టు డాక్టర్లు అనుమానిస్తున్నారు. కట్టించుకోమంటావా బావా అని అడిగితే, ముందు ఎంఆర్ఐ తీయించి సర్జన్‌కు కూడా చూపించమన్నాను. వచ్చే బుధవారం నేనూ వెంట వెళ్తున్నాను.