బరంపురంలో ఇండోనేషియా పల్లె ప్యాకేజీ: టూరు వరకే

టికెట్లు, వీసా కాగితాల్లో ఈ ప్యాకేజీ అమ్మే ఏజెంటు పని శుభ్రం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుందా అని ముందే చూస్తారు. దిగాక ఇచ్చే వీసా అక్కడి డబ్బులో 5 లక్షలు, 30 రోజులు, పొడిగింపు ఒక్కసారే. పల్లె ఇళ్ల సంగతీ విడమర్చి చెబుతారు: స్నానాలగదిలో సిమెంటు తొట్టిలోకి దిగకూడదు, సబ్బు చెయ్యి ముంచకూడదు, గయుంగ్ అనే పిడి మగ్గుతో పోసుకోవాలి. మన పెరటి గోలెం మర్యాదే!

"అక్కడి మనిషి పేరిట స్థలం కొనేద్దాం సార్" అన్నారంటే మాత్రం లేచి వచ్చేయండి. 1960 భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి సొంతహక్కు, ఆ దేశ పౌరులకే. బినామీ రాత చెల్లదు, గొడవొస్తే స్థలం మీకు దక్కదు. అంతగా కావాలంటే భూమి ఆఫీసులో పత్రం సరిచూసుకుని, నోటరీ దగ్గర లీజు రాయించుకోవాలి. రాయగడ వైపు గిరిజన భూమి బినామీగా కొన్నవాళ్లకి ఈ పేచీ కొత్తేం కాదు.