కొత్త జాతి పుట్టుకకు ఏ దారి గట్టిది: అడ్డుగోడా, కొత్త పండా, క్రోమోసోముల రెట్టింపా?

పరిసరాలకు తగ్గట్టు మారితే చాలు, కొత్త జాతి పుట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చాలదు. రెండు గుంపుల మధ్య జన్యువుల రాకపోకలు ఆగాలి. మూడు దారుల్నీ ఆ లెక్కనే తూచాలి.

మొదటిది భౌగోళిక అడ్డు. సుమారు 30 లక్షల ఏళ్ల కిందటికి రెండు అమెరికాల్నీ కలిపే పనామా భూసంధి (సన్నని నేల) పూర్తిగా ఏర్పడి, రెండు సముద్రాల మధ్య దారి మూసుకుపోయి, ఆల్ఫియస్ రొయ్యలు పసిఫిక్ వైపు కొన్ని, కరీబియన్ వైపు కొన్ని మిగిలాయి. ఇప్పుడు ఆ జోడు జాతుల్ని ఒకే తొట్టిలో వేస్తే చాలావరకు జతకట్టవు, కొట్లాటకు దిగుతాయి. నిదానమైన దారే, కానీ నమ్మకమైనది. అవతలి నుంచి జన్యువులు రావు కాబట్టి చిన్న తేడా కూడా నిలుస్తుంది.

రెండోది తిండి మార్పు. అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల్లో గుడ్లు పెట్టే రేగోలెటిస్ ఈగ 19వ శతాబ్దం మధ్యలో హడ్సన్ లోయలో ఆపిల్‌కు మళ్లింది. ఆపిల్ మూడు నాలుగు వారాలు ముందే పండుతుంది, రెక్కలొచ్చిన ఈగ బతికేది నెలరోజులు, జతకట్టేది పండు మీదే. దాంతో రెండు గుంపులూ చాలావరకు ఎడమయ్యాయి. అయినా తరానికి 4–6 శాతం కలయిక సాగుతూనే ఉంది. అందుకే వీటిని ఇంకా వేరు జాతులుగా లెక్కించరు.

మూడోది క్రోమోసోముల (జన్యువుల్ని మోసే పోగుల) రెట్టింపు. దీనికి సాక్ష్యం మన పత్తిలోనే ఉంది. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తికి 26 క్రోమోసోములు. చేలల్లో ఇప్పుడు ఎక్కువగా వేసే అమెరికన్ పత్తికి 52. ఒక్కోదానికి 26 ఉన్న రెండు పత్తి జాతులు ఎప్పుడో చెరి సగం (13) ఇచ్చి కలిసి, ఆ సంకరంలో క్రోమోసోములు రెట్టింపవడంతో వచ్చిందది. కొండపత్తినీ అమెరికన్ పత్తినీ కలిపితే పిల్లమొక్కకు చెరి సగం చొప్పున 13, 26 కలిపి 39 వస్తాయి. వాటిలో 13కు సరైన జోడీ దొరకదు. పుప్పొడి పనికిరాకుండా పోతుంది, గింజ కట్టదు. క్రోమోసోముల్ని రెట్టింపు చేసే కోల్చిసిన్ మందు పెట్టి 78 చేస్తేనే జతలు కుదిరి సంతానశక్తి తిరిగొస్తుంది.

రెట్టింపులో చిక్కల్లా తొలి మొక్కదే. చుట్టూ పాత రకం పుప్పొడే ఉంటుంది, దానితో కలిస్తే గొడ్డు మొక్కలే. స్వపరాగ సంపర్కం (తన పుప్పొడితో తానే గింజ కట్టడం) ఉంటేనే గట్టెక్కుతుంది. ఐరోపా నుంచి అమెరికా చేరిన ట్రాగోపోగన్ అనే పూలమొక్కల సంకరాలు రెట్టింపై అలాగే గట్టెక్కాయి. అలా పుట్టిన రెండు కొత్త జాతుల్ని 1950లో మేరియన్ ఓన్‌బే ప్రకటించారు.

మొక్కల్లోనైతే నా ఓటు రెట్టింపుకే. జంతువుల్లో అది అరుదు కాబట్టి అక్కడ భౌగోళిక అడ్డే మేలు. తిండి మార్పును మాత్రం సంకర సంతానం బతికి, పిల్లల్ని కంటుందో లేదో చూడకుండా ఒప్పుకోకూడదు.