ఇంటి ఫోన్‌లో ఎకో: ఫైబర్ బాక్స్ పోర్టు, విడి అడాప్టర్, వాట్సాప్... ఏది మేలు?

హనుమకొండ, కాజీపేటల్లో ఏ కాలనీ తీసుకున్నా, పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ సెట్టు ఉంటుంది. దాని బటన్లు పెద్దవాళ్లకు బాగా అలవాటు, రింగు వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. దాన్ని ఇంటర్నెట్‌కు కలిపాక ఎక్కువగా వినే మాట ఒకటుంది: "కొడుకా, నా మాట నాకే మళ్ల ఇనవడుతాంది." ఈ ఎకో పోవాలంటే ఏ సామాను పెట్టుకోవాలి? ఫైబర్ బాక్సుకే ఉన్న ఫోన్ పోర్టా, సెట్టును ఇంటర్నెట్‌కు కలపడానికి విడిగా కొనే చిన్న డబ్బా, అంటే అడాప్టరా, లేక సెట్టును పక్కన పెట్టి వాట్సాపా? నేను ముందు చూసేది ధర కాదు. ఎకో వస్తే తగ్గించే సెట్టింగు మన చేతికి అందుతుందా లేదా అన్నదే చూస్తాను.

కొనడానికి ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. మీ మాట మీకే మళ్లీ వినిపిస్తుంటే, లోపం చాలావరకు మీ ఇంట్లో ఉండదు, అవతలి ఇంట్లో ఉంటుంది. మీ గొంతు అక్కడిదాకా వెళ్లి, అక్కడి స్పీకర్ నుంచి అక్కడి మైకులోకి దూరి తిరిగొస్తుంది. లేదా అక్కడి అడాప్టర్‌లో వెనక్కి మళ్లుతుంది. బాపుకు హనుమకొండలో ఎకో వస్తోందంటే, ముందుగా డల్లాస్‌లో కొడుకు స్పీకర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడేమో అడగాలి. కొడుక్కి వస్తోందంటే అప్పుడు హనుమకొండ ఇంట్లో వెతకాలి. ఇది తెలియక, ఏ లోపం లేని ఇంట్లో డబ్బాలు మార్చేవాళ్లు చాలామంది.

అడాప్టర్‌లో మాట ఎందుకు మళ్లుతుంది? మామూలు ఫోన్ సెట్టుకు వచ్చేది రెండు తీగలే. వెళ్లే మాట, వచ్చే మాట రెండూ వాటి మీదే నడుస్తాయి. ఇంటర్నెట్ వైపు మాత్రం ఆ రెండూ వేర్వేరు. వీటిని విడదీసే సర్క్యూట్‌ను హైబ్రిడ్ అంటారు. సెట్టుకు, అడాప్టర్‌కు ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు సర్క్యూట్ ఇచ్చే నిరోధం, ఓమ్స్‌లో కొలుస్తారు) సరిపోలకపోతే వచ్చిన మాటలో కొంత అక్కడే వెనుదిరుగుతుంది. పాత రాగి తీగల రోజుల్లోనూ ఇది ఉండేది. కాకపోతే వరంగల్ నుంచి కరీంనగర్‌కు చేస్తే అది వెంటనే తిరిగొచ్చేది కాబట్టి చెవి పట్టించుకునేది కాదు. ఫైబర్‌లో వెలుగుకు 1000 కిలోమీటర్లు దాటడానికి దాదాపు 5 మిల్లీసెకన్లు పడుతుంది. అమెరికాకు వెళ్లి రావడమంటే, దారిలోని పరికరాలతో కలిపి 200 మిల్లీసెకన్ల పైమాటే. అంత ఆలస్యంగా వచ్చినదాన్ని చెవి వేరే మాటగా వింటుంది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని, 400 దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం జి.114 చెబుతుంది. దూరాన్ని మనం తగ్గించలేం. వెనక్కి మళ్లే శబ్దాన్ని తగ్గించగలం.

ఇక ఫైబర్ బాక్స్ పోర్టు. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్లలో ఇచ్చే బాక్సుకు మామూలుగా ఒక ఫోన్ సాకెట్ ఉంటుంది. సెట్టు వైరు గుచ్చితే ఇంటి నంబరు పనిచేస్తుంది. బంధువులకు, గ్యాస్ ఏజెన్సీకి, డాక్టరు అపాయింట్‌మెంట్‌కు ఇంతకన్నా సులువు లేదు. కానీ లోపలి వాయిస్ సెట్టింగులు కంపెనీ దూరం నుంచే పంపుతుంది. వాల్యూమ్, ఇంపీడెన్స్ మార్చే పేజీ మనకు తెరుచుకోదు. ఎకో వస్తే మనం సెట్టు మార్చి చూడగలం, వైరు మార్చగలం, ఇంకో గదికి తీసిన ఎక్స్‌టెన్షన్ పీకగలం. ఆ తర్వాత కంప్లయింట్ ఇచ్చి ఎదురుచూడాల్సిందే. లోకల్ కాల్స్ కోసమైతే ఇది చాలు, ఇంకేం కొనొద్దు.

విడి అడాప్టర్ సంగతి పూర్తిగా వేరు. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801కు ఒక ఫోన్ పోర్టు, హెచ్‌టీ802కు రెండు. రౌటర్ నుంచి లాన్ కేబుల్ పెట్టి, సెట్టు కలిపి, రిసీవర్ ఎత్తి స్టార్ మూడుసార్లు నొక్కితే మెనూ పలుకుతుంది. 02 నొక్కితే ఐపీ అడ్రస్ చదువుతుంది. ఆ అడ్రస్‌ను అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. లాగిన్ పాస్‌వర్డ్ డబ్బా మీది స్టిక్కర్‌పై ఉంటే అదే వాడి, లోపలికి వెళ్లగానే మార్చేయండి. తర్వాత మీరు తీసుకున్న ఇంటర్నెట్ కాలింగ్ సర్వీసు వాళ్లు ఇచ్చిన ఎస్ఐపీ (ఇంటర్నెట్‌లో కాల్ కలిపే పద్ధతి) సర్వర్, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ నింపి సేవ్ చేయాలి. స్టేటస్‌లో రిజిస్టర్డ్ అని కనిపించినా, ఒక వైపు మాట మాత్రమే వినిపిస్తుంటే రౌటర్‌లో ఎస్ఐపీ ఏఎల్‌జీ ఆఫ్ చేసి చూడండి. సాయం కోసం పెట్టిన ఆ ఆప్షనే చాలా రౌటర్లలో ప్యాకెట్లను చెడగొడుతుంది. కోడెక్‌గా, అంటే మాటను డేటాగా మార్చే పద్ధతిగా, జి.711 పెట్టండి. మాటకు సెకనుకు 64, ప్యాకెట్ల అదనపు బరువుతో కలిపి ఒక్కో వైపు దాదాపు 87 కిలోబిట్లు తింటుంది. ఫైబర్‌కు అదొక లెక్కే కాదు. జి.729కి మాటకు 8 కిలోబిట్లే చాలు గానీ గొంతు పలచబడుతుంది, ఆలస్యమూ కొంచెం పెరుగుతుంది.

ఎకో పని ఇప్పుడు మొదలవుతుంది. ఒకేసారి నాలుగు మార్చొద్దు. ఒక్కొక్కటి మార్చి, ప్రతిసారీ అవతలివాళ్లకు కాల్ చేసి వాళ్లనే అడగాలి, ఎందుకంటే ఫలితం వినిపించేది వాళ్లకు. ముందు వెనక్కి మళ్లే మాటను తుడిచేసే లైన్ ఎకో క్యాన్సెలర్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. గ్రాండ్‌స్ట్రీమ్ పేజీలో ఇది తిరగేసి ఉంటుంది: డిసేబుల్ అన్న ప్రశ్నకు నో అని ఉండాలి. తర్వాత గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే తగ్గించే సెట్టింగు. చెవి మందగించిన పెద్దవాళ్ల కోసం వాల్యూమ్ బాగా పెంచిన ఇళ్లలో ఎకో ఎక్కువ, ఎందుకంటే ఆ శబ్దమే మైకులోకి దూరుతుంది. గెయిన్‌ను కొన్ని డెసిబెల్స్ చొప్పున దింపుతూ రావాలి. ఆ తర్వాత ఎస్ఎల్ఐసీ సెట్టింగ్. అందులో దేశాల పేర్లు, 600 ఓమ్స్, 900 ఓమ్స్ అని ఉంటాయి. ఇదే ఇంపీడెన్స్. సెట్టు ఎక్కడ తయారైందో మనకు తెలియదు కాబట్టి ఏది సరిపోతుందో విని తేల్చుకోవాలి. ఎన్ని మార్చినా పోకపోతే కార్డ్‌లెస్ తీసేసి మామూలు వైరు బీటెల్ సెట్టు పెట్టి చూడండి. దాంతో ఎకో పోతే లోపం సెట్టుదే.

ఇంకో జాగ్రత్త. పాత ల్యాండ్‌లైన్ వైరింగ్‌లోకి అడాప్టర్‌ను కలిపేటప్పుడు బయటి నుంచి వచ్చే కంపెనీ తీగను తప్పకుండా విడదీయాలి. అందులో ఇంకా ఎక్స్ఛేంజ్ 48 వోల్టులు ఉంటే అడాప్టర్ కాలిపోవచ్చు.

వాట్సాప్‌లో రెండు తీగల సెట్టే లేదు కాబట్టి హైబ్రిడ్ ఎకో ఉండదు. స్పీకర్ నుంచి మైకులోకి దూరేది మాత్రమే మిగులుతుంది, దానికి వైరు ఇయర్‌ఫోన్ చాలు. ఒక్క ఎకో విషయంలోనే తూకం వేస్తే ఇదే నెగ్గుతుంది. కానీ టచ్ స్క్రీన్ మీద కాల్ ఎత్తడానికే తడబడే అవ్వకు ఇది రోజూ టెన్షనే. ఫోన్ సైలెంట్‌లో ఉందో చార్జింగ్ అయిపోయిందో తెలియక అమెరికాలో బిడ్డకూ టెన్షనే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఇళ్లకు మరో ఇబ్బంది: యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే వాడాలి. అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్ అక్కడ బ్లాక్ అవుతాయి కాబట్టి, అడాప్టర్ కొన్నా దుబాయ్ కాల్ కలుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

అమెరికాకు రోజూ మాట్లాడే ఇంట్లో, సెట్టింగులు చూసే మనిషి ఒకరైనా ఉంటే నేను అడాప్టర్‌కే ఓటేస్తాను. కొడుకు అక్కడ అదే సర్వీసులో ఇంకో అడాప్టరో యాప్‌నో పెట్టుకుంటే రెండు వైపులా సరిచేయొచ్చు. అలా చూసేవాళ్లు లేని ఇంట్లో బాక్స్ పోర్టుకు మంచి వైరు సెట్టు పెట్టి, విదేశీ కాల్స్‌ను ఇయర్‌ఫోన్‌తో వాట్సాప్‌లో మాట్లాడటం నయం. ల్యాండ్‌లైన్ కూడా గుచ్చుకునే ఎఫ్ఎక్స్ఓ పోర్టు రకం అడాప్టర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. విదేశీ ఇంటర్నెట్ కాల్స్‌ను దాని గుండా ఇక్కడి నంబర్లకు మళ్లించడం చట్టరీత్యా నేరం.

పాత రాగి లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో లైట్లు పోయినా ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ బాక్సుకు, రౌటర్‌కు, అడాప్టర్‌కు దేని కరెంటు దానికి కావాలి. వానాకాలం రాకముందే ఎలక్ట్రీషియన్‌తో ఇవన్నీ ఉన్న ప్లగ్ పాయింటును ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించండి.