సెస్నా 152: కొనడం తేలిక, పోషించడం దగ్గరే అసలు లెక్క

రెండు సీట్ల సొంత విమానం కొనాలనుకునే వాళ్ల చూపు చివరికి సెస్నా 152 మీద ఆగుతుంది. 1977 నుంచి 1985 వరకు ఏడున్నర వేలకు పైగా తయారయ్యాయి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, చిన్న విమానాల మెకానిక్‌లకు ఇది బాగా అలవాటైన యంత్రం. పాత విమానం కాబట్టి అడిగే ధర కూడా మరీ భయపెట్టదు. కానీ ఆ ధర ఒక్కసారి కట్టేది. ఆ తర్వాత ఏటా కట్టేది విమానం ఎన్ని గంటలు ఎగిరిందన్న దాన్ని బట్టి మారుతుంది, అదీ చాలామంది అనుకునే దానికి తలకిందులుగా. తక్కువ ఎగిరితే ఖర్చు తగ్గుతుందనుకుంటారు. గంట లెక్కన చూస్తే తక్కువ ఎగిరిన 152కే ఎక్కువ పడుతుంది.

ముందు ఇంజన్ సంగతి. ఇందులో ఉండేది లైకమింగ్ ఓ-235, చాలా వాటిలో ఎల్2సి రకం, 110 హార్స్‌పవర్. 1983 నుంచి వచ్చిన వాటిలో 108 హార్స్‌పవర్ ఎన్2సి. ఎల్2సికి తయారీదారు చెప్పే ఓవర్‌హాల్ (ఇంజన్ పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 2,400 గంటలు. చిన్న ఇంజన్లలో ఇది మెచ్చుకోదగ్గ అంకె. అమ్మేవాళ్లు దీన్నే పెద్ద అక్షరాల్లో రాస్తారు. దాని పక్కనే ఉండే రెండో గడువు 12 ఏళ్లు, రెండిట్లో ఏది ముందొస్తే అది. ఏడాదికి 50 గంటలు ఎగిరితే 12 ఏళ్లకు అయ్యేది 600 గంటలే. అంటే ఓవర్‌హాల్ ఖర్చును 2,400తో కాకుండా 600తో భాగించాలి. గంటకు పడే ఇంజన్ భారం అక్కడికక్కడే నాలుగింతలు. 2,400 గంటలూ పూర్తిగా వాడుకోవాలంటే ఏడాదికి 200 గంటలు ఎగరాలి. సరదాకి ఎగిరేవాళ్లలో అంత ఎగిరేవాళ్లు అరుదు. 12 ఏళ్ల గడువు సొంత వాడకానికి కొన్ని దేశాల్లో సిఫార్సు మాత్రమే, ఇంజన్ బాగుంటే దాటి వెళ్లొచ్చు. బాగుంటే అన్న ఆ మాట దగ్గరే చిక్కంతా ఉంది.

ఎగరని లైకమింగ్‌కు జరిగేది ఇది. వాల్వ్‌లను తెరిపించే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజన్ ఆగిన కొన్నాళ్లకు దాని మీది ఆయిల్ పొర కిందికి జారిపోతుంది. ఇంధనం మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి, ఆమ్లాలు లోపలే ఉండిపోయి క్యామ్ లోబ్‌ల (ఉబ్బెత్తుల) మీద, వాటిని తాకుతూ వాల్వ్‌లను కదిపే టాపెట్ల ముఖాల మీద సూది మొనంత తుప్పు గుంతలు వేస్తాయి. మళ్లీ ఇంజన్ తిప్పినప్పుడు ఆ గుంతల అంచులు పెచ్చులూడతాయి. బయటికి ఏమీ తెలియదు, శబ్దం మారదు. ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల కాగితం పిండి, వెలుతురులో పరిచి చూస్తే మెరిసే సన్నని రజను కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకుంటే అది ఉక్కు. క్యామ్ మార్చాలంటే క్రాంక్‌కేస్ (ఇంజన్ పెట్టె) విప్పక తప్పదు, కాబట్టి అది ఓవర్‌హాల్‌తో సమానం. లాగ్‌బుక్‌లో ఓవర్‌హాల్ తర్వాత 400 గంటలే అని రాసి ఉన్న ఇంజన్‌కు కూడా ఈ గతి పట్టొచ్చు.

దీనికి మందుగా కొందరు వారానికోసారి నేల మీదే పది నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేస్తారు. అది ఇంజన్‌కు మేలు కాదు, కీడు. నేల మీద ఆయిల్ తగినంత వేడెక్కదు, నీరు ఆవిరై పోదు సరికదా కొత్త తేమ చేరుతుంది. నెలకు ఒక్కసారైనా గాల్లోకి లేపి, ఆయిల్ ఉష్ణోగ్రత 75 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య గంట సేపు నిలబెట్టాలి. అది కుదరదని ముందే తెలిస్తే నిల్వ ఉంచే ఇంజన్లకు వాడే, తుప్పు పట్టనివ్వని ఆయిల్ పోసి, గాలి గొట్టాలు మూసి పెట్టడం నయం.

ఇంధనం లెక్క వీటితో పోలిస్తే తేలిక. సాధారణ క్రూజ్‌లో, అంటే ఎత్తుకు చేరి నిలకడగా ఎగిరేటప్పుడు, గంటకు సుమారు 23 లీటర్ల ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోల్), వేగం 100 నాట్లకు (గంటకు 185 కిలోమీటర్లు) అటూ ఇటూ. ఏడాదికి 50 గంటలకు 1,150 లీటర్లు, 150 గంటలకు 3,450 లీటర్లు. మామూలు ట్యాంకుల్లో వాడుకోదగ్గ ఇంధనం 93 లీటర్లు, రిజర్వ్ తీసేస్తే మూడు గంటలకు కాస్త పైన. ఖర్చు తగ్గించుకోవాలని పాత సెస్నా 150 వైపు చూసేవాళ్లకు ఒక మాట. అందులోని కాంటినెంటల్ ఓ-200 కంప్రెషన్ నిష్పత్తి 7:1, 80 ఆక్టేన్ ఇంధనానికి చేసిన ఇంజన్. కాబట్టి తగిన అనుమతి పత్రం ఉంటే ఇథనాల్ కలవని కారు పెట్రోల్‌తో నడుస్తుంది. 152లోని ఎల్2సి నిష్పత్తి 8.5:1, దానికి 100 ఆక్టేన్ కావాల్సిందే. ఇథనాల్ లేని పెట్రోల్ దగ్గర్లో దొరికే చోట, ఒక్కరే ఎగిరే వాళ్లకు 150 నిజంగానే చవక. దొరకని చోట ఆ తేడా కాగితం మీదే మిగిలిపోతుంది. పైగా ఓ-200లో కార్బురేటర్‌కు మంచు పట్టే గుణం ఎక్కువ. 152లో కార్బురేటర్‌ను వేడిగా ఉండే ఆయిల్ సంప్‌కే (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికే) బిగించి ఉండటంతో ఆ బెడద తక్కువ. తక్కువే, లేకపోలేదు.

మెయింటెనెన్స్‌లో ఓ-235కు కొన్ని సొంత అలవాట్లున్నాయి. మిగతా లైకమింగ్‌లలో చాలావాటికి ఆయిల్ ఒత్తిడితో సందును తామే సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటే దీనివి గట్టి టాపెట్లు. అందుకని 100 గంటలకోసారి రాకర్ కవర్లు విప్పి వాల్వ్ క్లియరెన్స్ (ఆ సందు) చూసి సరిచేయాలి. ఆ పని తెలియని మెకానిక్ వదిలేస్తే వాల్వ్ సరిగ్గా కూర్చోక కాలిపోతుంది. రెండోది సీసం. 100ఎల్ఎల్ అనే ఈ ఏవ్‌గ్యాస్‌లో పేరుకే సీసం తక్కువ. నేల మీద మిక్స్‌చర్ (గాలిలో ఇంధనం పాళ్లు) పూర్తిగా రిచ్‌లో, అంటే ఇంధనం ఎక్కువగా ఉంచి మెల్లగా టాక్సీ చేస్తే కింది స్పార్క్ ప్లగ్‌లలో ఆవగింజలంత బూడిద రంగు సీసం గుళ్లు పేరుకుంటాయి. మాగ్నెటో చెక్‌లో (ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే రెండు మాగ్నెటోలను ఒక్కొక్కటిగా పరీక్షించేటప్పుడు) ఒక వైపు ఇంజన్ వణుకుతూ ఆర్‌పీఎం పడిపోతే ముందు అనుమానించాల్సింది వీటినే. ఇంజన్ అందుకోగానే మిక్స్‌చర్ బాగా లీన్ చేసి, అంటే ఇంధనం తగ్గించి, టాక్సీ చేస్తే సగం బాధ పోతుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎల్2సికి పొడుగు మొన ఉన్న ఆర్‌ఈఎం37బివై ప్లగ్‌లు వాడేది ఈ సీసం వల్లే. ఎనిమిది ప్లగ్‌లను విప్పిన ప్రతిసారీ శుభ్రం చేసి, పైవి కిందికి కిందివి పైకి మార్చి, రాగి వాషర్లు కొత్తవి వేసి బిగించాలి. చేయి జారి నేల మీద పడ్డ ప్లగ్‌ను పక్కన పడేయాలి. లోపలి పింగాణీ చిట్లితే పైకి కనిపించదు.

ఆయిల్ 50 గంటలకు, ఫిల్టర్ లేని పాత జాలీ రకమైతే 25 గంటలకు, అన్ని గంటలు కాకపోయినా నాలుగు నెలలకు మార్చాలి. స్లిక్ మాగ్నెటోలను 500 గంటలకు విప్పి చూడాలి. గైరో పరికరాలను నడిపే వాక్యూమ్ పంపు చెప్పా పెట్టకుండా పోతుంది. కరెంటు 28 వోల్టులది, 24 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల దానికన్నా ఎక్కువే పెట్టాలి. ఏడాది తనిఖీకి మెకానిక్ చెప్పే ఖరీదు విమానాన్ని విప్పి చూసినందుకు మాత్రమే, అందులో బయటపడ్డ లోపాల బాగుచేత వేరే లెక్క. కొన్న మొదటి ఏడాది తనిఖీకి, చెప్పిన దానికి రెండింతలు చేతిలో ఉంచుకోవడం మంచిది. పాత యజమాని వాయిదా వేసినవన్నీ ఆ ఏడాదే తలుపు తడతాయి.

అందుకే కొనుగోలుకు ముందు తనిఖీ. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇక్కడ పొదుపు చూసుకునేవాళ్లు బోలెడు మంది. తనిఖీ చేసే మెకానిక్ అమ్మేవాళ్లకు సంబంధం లేనివాడై ఉండాలి. లాగ్‌బుక్‌లలో మొత్తం గంటలు కాకుండా, గడిచిన అయిదేళ్లలో ఏడాదికి ఎన్ని గంటలు ఎగిరిందో ముందు చూడాలి. 80, 90, 75 అని ఉంటే ధైర్యం. 6, 0, 3 అని ఉంటే కనీసం ఒక సిలిండర్ తీసి క్యామ్ చూపించమనాలి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయాలి. కంప్రెషన్ పరీక్షలో 80 పీఎస్‌ఐ పీడనంతో గాలి ఎక్కించినప్పుడు నాలుగు సిలిండర్లూ 70ల్లో, ఒకదానికొకటి అయిదు లోపు తేడాతో ఉంటే నిశ్చింత. 10, 15 తేడా ఉంటే గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి. సైలెన్సర్ గొట్టంలో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు.

152లలో చాలావరకు శిక్షణ విమానాలుగా బతికినవే. కొత్త విద్యార్థుల ల్యాండింగ్ దెబ్బలన్నీ ముందు చక్రం ద్వారా ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడకు) చేరతాయి. కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) తీసి, ముందు చక్రం అతుకు చుట్టూ ఫైర్‌వాల్ రేకు ముడతలు పడిందేమో టార్చ్ వేసి చూడాలి. రివెట్ చుట్టూ పొగచూరినట్టు నల్లటి చార ఉంటే అది మురికి కాదు, రివెట్ వదులై కదులుతోందని అర్థం. కార్పెట్ ఎత్తి నేల రేకు, బ్యాటరీ కింద, తోక లోపలి భాగం చూడాలి. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, తెల్లటి పొడిలా, పెయింట్ కింద బొబ్బల్లా ఉంటుంది. సీటు పట్టాల రంధ్రాలు కోలగా అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది. దాని మీద తప్పనిసరి తనిఖీ ఆదేశం ఉంది, చేశారో లేదో లాగ్‌బుక్ చెబుతుంది. స్పిన్‌లో (విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి పడేటప్పుడు) రడ్డర్ (తోక మీది చుక్కాని) హద్దు దాటి ఇరుక్కోకుండా రడ్డర్ స్టాప్ మార్పు జరిగిందో లేదో కూడా అక్కడే చూడాలి. హీటర్ గాలి ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి మఫ్లర్ పగుళ్లు విషవాయువును క్యాబిన్‌లోకి వదిలి ప్రాణం మీదికి తెస్తాయి. ఇక్కడ మాత్రం పొదుపు వద్దు.

ఇంకో సంగతి బరువు. గరిష్ఠ బరువు 757 కిలోలు. పరికరాలతో ఖాళీ విమానం 520 అనుకుంటే మిగిలేది 237. నిండు ట్యాంకుల ఇంధనం 67 కిలోలు పోతే మనుషులకు, సామానుకు 170. ఇద్దరు భారీ మనుషులు ట్యాంకులు నింపి ఎగరలేరు. కొన్నాక ఈ సంగతి తెలిసి ఆర్నెల్లలో అమ్మేసేవాళ్లకు రాబడి కన్నా నష్టమే ఎక్కువ.

హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏడాది తనిఖీ విమానం కదిలినా కదలకపోయినా కట్టాల్సినవే. 50 గంటలు ఎగిరితే ఆ మొత్తంలో యాభయ్యో వంతు ప్రతి గంట మీదా పడుతుంది, 150 ఎగిరితే నూటయాభయ్యో వంతు. ముగ్గురు కలిసి కొంటే ఆ 150 గంటలు తేలిగ్గా వస్తాయి, ఇంజన్ నెలల తరబడి ఆరిపోయి ఉండదు. ఈ విమానానికి ఉమ్మడి యాజమాన్యమే సరైన దారి. కాకపోతే స్నేహం మీద నడపకూడదు. ఎవరు తప్పుకుంటే వాటా ధర ఎలా కట్టాలి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఇవ్వని భాగం ఎవరు భరించాలి, సెలవు రోజుల్లో ఎవరి వంతు, ఇవన్నీ మొదటి గంట ఎగరకముందే కాగితం మీద ఉండాలి.

ఇంజన్ నిధికి వేరే ఖాతా తెరవాలి. అందులో గంటకు ఎంత వేయాలో తేల్చడానికి కాగితం మీది మిగిలిన గంటలు పనికిరావు. కొన్న ఇంజన్ 1,400 గంటలు తిరిగి, ఏడేళ్లు నిండాయనుకోండి. గంటల లెక్కన ఇంకా 1,000 ఉన్నాయి, ఏళ్ల లెక్కన అయిదే. మీరు ఏడాదికి 60 గంటలు ఎగిరేవాళ్లయితే ఓవర్‌హాల్ ఖర్చును 300తో భాగించి, ఆ మొత్తాన్ని ప్రతి గంటకూ ఇంధనంతో పాటే పక్కన పెట్టండి. ఆ అంకె చూశాక కూడా కొనబుద్ధవుతుంటే, 152 మిమ్మల్ని మోసం చేయదు.