డెన్మార్క్ బురద మనుషులు: మోస్‌గార్డా, సిల్కెబోర్గా?

పీట్ (నాచు, మొక్కలు సగం కుళ్లి పేరుకున్న మన్ను, తవ్వి ఎండబెట్టి పొయ్యిలోకి వాడతారు) బురదలో రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిపోయిన మనుషుల్ని చూడాలనుకుంటే బస ఆర్హుస్ నగరంలో పెట్టుకోండి. వాళ్లున్న మ్యూజియాలు రెండు: ఒకటి ఈ ఊరి పక్కన మోస్‌గార్డ్‌లో, ఇంకోటి సిల్కెబోర్గ్ ఊళ్లో. సిల్కెబోర్గ్‌కు అక్కడి నుంచి రైల్లో గంటలోపే. మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్ట్ లేదు. పొద్దున టిఫిన్‌లో రొట్టె, చీజ్ తప్ప శాకాహారులకు ఏమీ కనపడలేదు. ఆవకాయ డబ్బా ఆదుకుంది.

ఊరికి దక్షిణాన ఉన్న మోస్‌గార్డ్ మ్యూజియానికి సిటీ బస్సు ఉంది. గడ్డి మొలిచిన వాలు కప్పు మీదికి పిల్లలు ఎక్కి పరుగులు తీస్తారు. గ్రౌబల్లె మనిషి ఇక్కడే. 1952లో దొరికాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోసి ఉంది. గాలి చొరని చల్లటి బురద, స్ఫాగ్నం నాచు కలిసి అతని చర్మాన్ని చెప్పుల తోలులా పదును చేసేశాయి. వేలిముద్రలు కూడా తీయగలిగారు. ఇతను 1887లో మాయమైన ‘ఎర్ర క్రిస్టియన్’ అనే పీట్ కూలీయేనని అప్పట్లో కొందరు పట్టుబట్టారు. కార్బన్ పరీక్షలు కాదని తేల్చాయి.

మ్యూజియంగా మోస్‌గార్డ్‌దే పైచేయి. అయినా ఒక్కటే చూసే వీలుంటే నేను సిల్కెబోర్గ్‌కే వెళ్తాను.

అక్కడి మ్యూజియం చిన్న పాత భవనం. టోలుండ్ మనిషి 1950 మేలో పీట్ తవ్వేవాళ్లకు కనపడితే, హత్యేమోనని పోలీసులకు చెప్పారట. మెడకు తోలు ఉరితాడు, మూసిన కళ్లు, గడ్డం మీద మాసిన వెంట్రుకలు. ఎంత కోపం తెచ్చుకుందామన్నా అతన్ని చంపినవాళ్ల మీదికి మనసు పోదు, ఆ ముఖం దగ్గరే ఆగిపోతుంది. తల మాత్రమే అసలుది, ఒళ్లు తర్వాత చేసి అమర్చింది. ఇది తెలిసి మాతో వచ్చినవాళ్లు నీరసపడ్డారు, నాకేమీ తగ్గినట్టు అనిపించలేదు. చివరి భోజనం బార్లీ జావ, చేప. బురదతో సహా అతన్ని పెట్టెలో పైకి లేపుతుంటే సాయానికి వచ్చిన ఒకాయన గుండె ఆగి చనిపోయాడు. బురద ఒక ప్రాణానికి బదులు ఇంకో ప్రాణం తీసుకుందని జనం అనుకోవడంలో వింతేముంది?

అదే బురదలో 1938లో దొరికిన ఎల్లింగ్ స్త్రీ కూడా ఇక్కడే ఉంది. దాదాపు 90 సెంటీమీటర్ల జడ! ఆమె దగ్గర ఎవరూ ఆగరు, అన్యాయం.

ఈ ఇద్దరూ దొరికిన బురద నేల బ్యెల్‌స్కోవ్‌డాల్‌కు కారుంటేనే వెళ్లండి. మ్యూజియం సెలవు రోజులు, వేళలు ముందే చూసుకోండి.