ప్రత్యేక బృందమా, తెలిసిన సోషల్ వర్కరా?

ఇంగ్లండ్‌లో సంరక్షణ అవసరమై, తమను తాము కాపాడుకోలేని వయోజనులు వేధింపులకు గురవుతున్నారన్న అనుమానానికి తగిన కారణం ఉంటే, 2014 నాటి కేర్ యాక్ట్ 42వ సెక్షన్ కింద స్థానిక కౌన్సిల్ విచారణ జరిపించి తీరాలి.

కొన్ని కౌన్సిళ్లలో అందుకు ప్రత్యేక బృందం ఉంటుంది. ఒకే కేర్ హోమ్‌లో ఒకరి వీపున పుండ్లు, మరొకరి మందుల చార్టులో ఖాళీలు. విడివిడిగా వచ్చే ఇలాంటి ఫిర్యాదులను పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఆ బృందమే. అయితే అది ఉందన్న ధీమాతో మిగతావారు చేతులు దులుపుకుంటారు.

ఇంటి వ్యవహారాల్లో మాత్రం నా మొగ్గు ఆ ప్రాంతపు మామూలు సోషల్ వర్కర్ వైపే, చేతినిండా ఇతర కేసులున్నా సరే. పెద్దావిడ పింఛను కాజేసే కొడుకే ఆమెకు పూటపూటా భోజనం పెడుతుంటే, కొత్త అధికారి ముందు ఆమె నోరు విప్పదు.