జాగ్రత్త: పాత స్పోర్ట్స్ కారు వైరింగ్ పనికి ఇచ్చే ముందు ఇది చదవండి (విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి)

ఈమధ్య విజయనగరంలో పాత కారుకి వైరింగ్ మొత్తం మార్పించినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వెళ్ళి ఫ్యూజు బాక్సు మూత తీసి చూడండి. ఇది తర్వాత చదువుకోవచ్చు. ఏ గడిలో ఎన్ని యాంపుల ఫ్యూజు ఉండాలో మూత మీదో, కారు పుస్తకంలోనో రాసి ఉంటుంది. నీలం రంగు 15 ఉండాల్సిన చోట ఆకుపచ్చ 30 కనిపిస్తే బండి రోడ్డెక్కించకండి.

మాది శాన్ స్టార్మ్. చాలామందికి పేరే తెలీదు, పెట్రోల్ బంకులో ఆగితే "ఇదేం కంపెనీదండీ" అని చుట్టూ మూగుతారు. 1990ల చివర్లో గోవాలో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ బండి. ఇంజను రెనో వాళ్ళది, 1149 సీసీ, 60 హెచ్‌పీ. ఇప్పుడొచ్చే చిన్న కార్లకే అంతకన్నా పవరుంది, కానీ బరువు లేని బండి కాబట్టి తోలుతుంటే ఆ ఆనందం వేరు. కింద ఉక్కు ఛాసిస్, పైన బాడీ అంతా ఫైబర్ (ఫైబర్‌గ్లాస్). ఈ ఫైబర్ సంగతి కాస్త గుర్తుంచుకోండి, గొడవంతా దానితోనే.

కళింగపట్నం దగ్గర ఒక ఇంట్లో షెడ్డులో పడుంటే కొన్నాను. సముద్రం గాలి కదా, కనెక్టర్లు విప్పితే లోపల పచ్చటి చిలుము. హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది, హారన్ కొడితే ఇండికేటర్ మసగ్గా వెలిగేది. సస్పెన్షన్ రబ్బరు బుష్షులు అరిగిపోయాయి, బ్రేకు హోసులు పగుళ్ళు పట్టాయి. ఆర్‌సీ రెన్యువల్ కూడా దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి చేయించాలి కాబట్టి లైట్లు, బ్రేకులు సరిగ్గా ఉండకపోతే కుదరదు.

పనిచ్చిన షెడ్డు విజయనగరంలోనే. పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. గుమ్మం ముందు రెండు పాత కార్లు అద్దంలా మెరుస్తూ ఉంటాయి, ఓనరు మాట కూడా చాలా మర్యాద. "ఏటవదు బాబూ, వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది ఏసేద్దుము, ఇంక పదేళ్ళు సూసుకోనక్కర్లేదు" అన్నాడు. వైరింగ్, బుష్షులు, బ్రేకు హోసులు, పెయింట్ అన్నీ కలిపి లక్షా నలభై వేలు. సిరిమాను పండగ అయ్యాక అన్నారు, దీపావళి అన్నారు, చివరికి పెద్దపండక్కి ముందు తాళాలు చేతికిచ్చారు. పెయింట్ మాత్రం నిజంగానే బాగా వేశారు, అది కాదనను.

అక్కణ్ణుంచి నాతవలస మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వస్తున్నాను. చీకటి పడుతోంటే హైబీమ్ వేశాను. రణస్థలం దాటాక స్టీరింగ్ కింద నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన, వెనకే సన్నగా పొగ. బండి పక్కకి లాగి, లైట్లు ఆర్పి, ఇంజను కట్టేసి, స్పానరుతో బ్యాటరీ నెగటివ్ విప్పేశాను. ఫైబర్ బాడీ అంటుకుంటే ఆపడం కష్టం, అందులో వాడే రెజిన్ బాగా మండుతుంది. పక్క దాబావాళ్ళు నీళ్ళ బిందెలు పట్టుకొచ్చారు, పొయ్యొద్దని బతిమాలుకోవాల్సి వచ్చింది.

తర్వాత శ్రీకాకుళంలో ఒక పెద్దాయన చేత హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపి చుట్టిన కట్ట) విప్పించాను. ముప్పై ఏళ్ళుగా లారీలకీ బస్సులకీ వైరింగ్ చేస్తున్న మనిషి, మాట తక్కువ. నల్ల టేపు బ్లేడుతో చీరి, లోపలి వైరు వేళ్ళ మధ్య తిప్పి, దాని మీద అచ్చు చదవమని నాకిచ్చాడు. 1100 వోల్ట్ అని ఉంది. ఇళ్ళ గోడల్లో వేసే వైరు! దాని పైతొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడి వరకే. ఇంజను పక్కన వేడి అంతకు మించిపోతుంది. కంపెనీ హార్నెస్‌లో ఏ లైనుకి ఆ రంగుంటుంది, ఇందులో బండి మొత్తానికి ఎరుపూ నలుపూ రెండే. జాయింట్లకి టంకమూ లేదు, క్రింపింగూ (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించడం) లేదు, లావు వైరుకి సన్న వైరు మెలిపెట్టి టేపు చుట్టేశారు. ఆ టేపు గమ్ము అప్పుడే కరిగి వేళ్ళకి అంటుకుంటోంది.

పొగ ఎందుకొచ్చిందో కూడా ఆయనే లెక్కకట్టి చెప్పాడు. మామూలుగా హెడ్‌లైట్ బల్బు హైబీమ్ 60 వాట్లు. రెండు కలిపి 120, పన్నెండు వోల్టుల బండిలో పది యాంపులు. వీళ్ళు నన్నడగకుండా 100 వాట్లవి పెట్టారు, అంటే దాదాపు పదిహేడు. 15 ఫ్యూజు ఎగిరిపోయి ఉంటుంది. ఎగిరితే కారణం వెతకాలి కదా, 30 పెట్టి ఊరుకున్నారు. ఎక్కువ కరెంటు స్విచ్చులోంచి పోకుండా చూసే రిలే లేదు. మొత్తం కరెంటు ఆ సన్న ఇంటివైరులోంచి, స్విచ్చులోంచి పోతోంది. ఫ్యూజు పని కాలిపోవడం. దాన్ని కాలనివ్వకపోతే వైరు కాలుతుంది.

ఇక ఎర్త్ సంగతి, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరే దారి. ఇది ఫైబర్ బాడీ బండ్లున్నవాళ్ళు, ఫైబర్ బంపర్లకి లైట్లు బిగించుకున్నవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. ఉక్కు బాడీ కారులో బాడీయే నెగటివ్ వైరు పని చేస్తుంది, ఎక్కడ బోల్టు బిగిస్తే అక్కడ ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. ప్రతి లైటు నుంచీ, ప్రతి మోటారు నుంచీ విడిగా వైరు లాగి ఛాసిస్‌కి, అక్కణ్ణుంచి బ్యాటరీకి కలపాలి. మా షెడ్డువాళ్ళు ముందు లైట్ల ఎర్త్ ఫైబర్‌కి స్క్రూ కొట్టి బిగించి, దాన్నుంచి ఒకే ఒక సన్న వైరు ఛాసిస్‌కి లాగారు. అది కూడా పెయింట్ గీకకుండా, పెయింట్ మీదే. ఎర్త్ సరిగ్గా లేనప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుని పక్క బల్బులోంచి, మీటర్లోంచి పోతుంది. హారన్ కొడితే ఇండికేటర్ వెలగడం, లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు కదలడం అందుకే. అంటే నేను ఏ జబ్బుకైతే బండి ఇచ్చానో ఆ జబ్బు అలాగే ఉంది, పైన కొత్త టేపు వచ్చింది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. మూడు నాలుగు వందల మల్టీమీటరు చాలు. డీసీ వోల్ట్స్‌లో పెట్టి, లైట్లు వెలుగుతుండగా మీటరు వైర్లలో ఒకదాని ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది హెడ్‌లైట్ ఎర్త్ పిన్నుకి ఆనించండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. మాది రెండు వోల్టులు దాటింది. డబ్బు మొత్తం ఇచ్చేముందు, షెడ్డులోనే, వాళ్ళ కళ్ళముందే ఈ పరీక్ష చెయ్యండి. వద్దన్నారంటే అర్థం చేసుకోవచ్చు.

బుష్షుల కథ చిన్నది. బిల్లులో "కొత్తవి" అని ఉంది. పెద్దాయన గోటితో గీకితే నల్ల పెయింట్ పెచ్చులుగా ఊడింది, కింద పాత పగుళ్ళు. బ్రేకు హోసులు మాత్రం నిజంగా మార్చారు, దానికి సంతోషించాలేమో.

షెడ్డు ఓనరుకి ఫొటోలు పంపితే, "ఆ బండికి పార్ట్సులు ఎక్కడ దొరుకుతాయి సార్, ఉన్నదాన్లో సర్దినాం" అన్నాడు. బుష్షు దొరక్కపోతే దొరకలేదని చెప్పొచ్చు, కొత్తదని బిల్లు వెయ్యకూడదు. వైరుకి ఆ సాకు కూడా లేదు, కారు వైరు విశాఖలో కావలసినంత దొరుకుతుంది. నాకు ఎక్కువ బాధనిపించింది వేరే ఉంది. పీకేసిన అసలు హార్నెస్ చాలావరకు బాగానే ఉండి ఉండేదట. సముద్రం గాలికి పాడయ్యేది ఎక్కువగా చివర్లు, పిన్నులు, ఎర్త్ బిగింపులు. అవి కోసి కొత్త టెర్మినళ్ళు క్రింప్ చేసి, ఎర్త్‌లు కొత్తగా లాగితే సరిపోయేది. అందుకే "మొత్తం పీకేద్దాం" అని ఎవరన్నా అంటే ఏ వైరు ఎక్కడ పోయిందో చూపించమనండి. చూపించలేనివాడికి బండి ఇవ్వకండి. పాత పార్టు ప్రతీదీ తిరిగి ఇవ్వాలని ఎస్టిమేట్ కాగితం మీదే రాయించండి. టేపు చుట్టకముందు ఫొటోలు తీసుకోండి, వాళ్ళు పంపినవి కాదు, మీరు వెళ్ళి తీసినవి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి: 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ముందు అక్కడ నమోదు చేయించండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, షెడ్డు విజయనగరంలో ఉన్నా నేను శ్రీకాకుళంలో వేశాను. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్ళలోపు వెయ్యాలి. బిల్లు, డబ్బు పంపిన ఫోన్‌పే రికార్డు, వేరే మెకానిక్ రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. కాలిన వైరు పారెయ్యకండి, కవర్లో వేసి దాచండి.

ఇంకొక్కటి. నా అసలు మీటర్ క్లస్టర్ (స్టీరింగ్ ముందు మీటర్లన్నీ ఉండే పెట్టె) కూడా వాళ్ళు తిరిగివ్వలేదు, "పాడైపోనాది, పారేసినాం" అన్నారు. ఈ బండి క్లస్టర్ మార్కెట్లో దొరికేది కాదు, పారేసేవాడు ఎవడూ ఉండడు. విజయనగరం, విశాఖ వైపు ఎవరైనా స్టార్మ్ క్లస్టర్ అమ్ముతామంటే కొనేముందు తిప్పి వెనక చూడండి. ఎడమ పక్క పై క్లిప్పు విరిగి ఎరుపు సీలెంట్‌తో అతికించి ఉంటే అది నాదే. బేరం ఆపి, ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి.